అక్క కేసు స్టేషన్‌కీ ఐసీడీఎస్‌కీ మధ్య తిరుగుతోంది: ఎవరిని పట్టుకోవాలి?

ప్రశ్న: మా అక్కకి పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ఇద్దరు పిల్లలు. బావ తాగినా తాగకపోయినా చెయ్యి చేసుకుంటాడు. పోయిన నెల పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఇద్దర్నీ కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేసి పంపించారు. వారం తిరక్కుండా మళ్ళీ కొట్టాడు, ఈసారి గొంతు పట్టుకున్నాడు. ఇప్పుడు పిల్లలతో మా ఇంట్లో ఉంది. సఖి సెంటర్‌కి వెళ్ళమని ఒకరు, ఐసీడీఎస్ (మహిళా శిశు సంక్షేమ శాఖ) ఆఫీసుకి వెళ్ళమని ఒకరు, మంచి లాయర్ని పెట్టుకుంటే చాలని ఇంకొకరు చెప్తున్నారు. వీళ్ళలో ఎవరి పని ఏది? వీళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా? బావ వాళ్ళ ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది, అందుకని అక్కకి అక్కడ హక్కు లేదంటున్నారు.

జవాబు:

వీళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా అన్నదానికే ముందు చెప్తాను. వాళ్ళంతట వాళ్ళు మాట్లాడుకోరు. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి వెళ్ళేది కాగితం. ఆ కాగితం ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టి కదిలించే మనిషి ఒకరుంటే కేసు నడుస్తుంది. లేకపోతే నాలుగు ఆఫీసుల్లో నాలుగు ఫైళ్ళు పడుంటాయి, మీ అక్క ప్రతి చోటా మొదటినుంచి కథ చెప్పుకుంటూ తిరుగుతుంది. నేను ఒక కోస్తా జిల్లాలో గృహహింస విభాగంలో, అదే అందరూ డీవీ సెల్ అంటారు, పదకొండేళ్ళు లీగల్ కౌన్సెలర్‌గా చేశాను. అక్కడ చూసినదాన్ని బట్టి రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. మీరు 'గొంతు పట్టుకున్నాడు' అని మామూలుగా రాసేశారు. అది మామూలు విషయం కాదు. గొంతు నులమడం దాకా వచ్చిన మనిషి చేతిలో ప్రాణానికి ముప్పు ఎక్కువ. భార్య ఇల్లు వదిలి వచ్చేసిన తొలి రోజుల్లో ఇంకా ఎక్కువ. మింగడానికి నొప్పి ఉన్నా, గొంతు బొంగురుపోయినా ఈరోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. అతను మీ ఇంటి ముందుకొచ్చి గొడవ చేస్తే బయటికెళ్ళి సర్దిచెప్పే ప్రయత్నం చెయ్యకుండా తలుపేసుకుని 112కి ఫోన్ చెయ్యండి.

ఆసుపత్రిలో దెబ్బలు ఎలా తగిలాయని డాక్టర్ అడుగుతారు. మన ఆడవాళ్ళు నూటికి తొంభై మంది చెప్పే జవాబు 'బాత్‌రూమ్‌లో జారిపడ్డాను'. ఆ ఒక్క ముక్క ఓపీ చీటీలో పడితే రెండేళ్ళ తర్వాత కోర్టులో అవతలి లాయరు దాన్నే బిగ్గరగా చదువుతాడు. భర్త కొట్టాడని చెప్పాలి. మెడికో-లీగల్ కేసుగా, ఆసుపత్రి భాషలో ఎమ్మెల్సీగా, రాయించాలి. గృహహింస చట్టం కింద ఏ ఆసుపత్రీ వైద్యం చెయ్యమని తిప్పి పంపకూడదు. ఇంకో సంగతి చాలామంది డాక్టర్లకే తెలియదు. అప్పటికి గృహహింస నివేదిక ఎక్కడా రాయించి ఉండకపోతే, దాన్ని ఆసుపత్రివాళ్ళే నింపి రక్షణాధికారికి పంపాలని రూల్స్‌లో ఉంది. నా సర్వీసులో అలా ఆసుపత్రి నుంచి వచ్చిన నివేదికలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు ఆ నివేదిక సంగతి. దీన్ని అందరూ డీఐఆర్, అంటే డొమెస్టిక్ ఇన్సిడెంట్ రిపోర్ట్, అంటారు. 2005లో చేసిన గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టంలో రక్షణాధికారి, అంటే ప్రొటెక్షన్ ఆఫీసర్, అని ఒక పదవి పెట్టారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ బాధ్యత జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారిది. మీకెవరో ఐసీడీఎస్ ఆఫీసుకి వెళ్ళమన్నది అందుకే. నన్నడిగితే ఆ సలహా చెప్పినాయనే మీకు సరైన దారి చూపించాడు. డీఐఆర్ రాయగానే అసలు ప్రతి మెజిస్ట్రేట్‌కి వెళ్తుంది, ఒక నకలు ఆ ఏరియా పోలీస్ స్టేషన్‌కి వెళ్తుంది, ఇంకోటి సేవలందించే సంస్థలకి వెళ్తుంది. కోర్టునీ స్టేషన్‌నీ ఒకేసారి కలిపే కాగితం అదొక్కటే. లాయర్ని పెట్టుకుని నేరుగా కోర్టులో వేస్తే డీఐఆర్ తప్పనిసరి కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. నిజమే. అయినా రాయించుకోమనే చెప్తాను, ఎందుకంటే లాయరు వేసిన పిటిషన్ నకలు దానంతటది స్టేషన్‌కి చేరదు.

ఈ ఫారం నింపడం ఒక పెద్ద పని. ఒకావిడ వచ్చింది, ప్రైవేటు స్కూల్లో టీచర్. నా బల్లకి అవతల పర్సు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. 'రెండుసార్లు కొట్టాడండీ, అంతకుమించి ఇంకేం లేదు' అంది. ఫారంలో శారీరక హింస తర్వాత లైంగిక హింస, మాటలతో చేసే హింస, ఆర్థిక హింస అని వరసగా ఉంటాయి. ఒక్కో గడీ చదువుతూ పోయాను. 'తిండికీ మందులకీ డబ్బులివ్వకపోవడం' అంటే తల అడ్డంగా ఊపింది. 'జీతం లాక్కోవడం' అనేసరికి నవ్వింది. 'అది కూడా రాస్తారా? నా ఏటీఎం కార్డు ఆయన పర్సులోనే ఉంటుందండీ, ఆరేళ్ళయింది' అంది. తర్వాత గాజులు, పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం, తాకట్టు రసీదులు... ఒక్కొక్కటే బయటికొచ్చాయి. గంటన్నర పట్టింది. ఆ గంటన్నర కూర్చోబట్టే తర్వాత కోర్టులో నెలవారీ ఖర్చులు, స్త్రీధనం వెనక్కి అడగడానికి ఆధారం దొరికింది. మీ అక్కకి కూడా తొమ్మిదేళ్ళ కథ ఉంటుంది. అక్కడికెళ్ళే ముందు ఒక పుస్తకంలో తేదీలు గుర్తున్నంతవరకు రాసుకోమనండి. ఫలానా సంక్రాంతికి, బాబు పుట్టిన నెలలో, అలా గుర్తున్నా చాలు. పాత సంగతులు ఇప్పుడెందుకు అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఈ చట్టం కింద వేసే పిటిషన్‌కి ఏడాది గడువు లాంటిదేమీ వర్తించదని కూడా 2022లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

డీఐఆర్‌తో పాటు ఐదో నంబరు ఫారం ఒకటుంటుంది, భద్రతా ప్రణాళిక అని. చాలా ఆఫీసుల్లో దాన్ని ఖాళీగా వదిలేస్తారు. మీరు అడిగి మరీ నింపించండి. గొంతు పట్టుకున్న విషయం అందులో రాయాలి. అది చూస్తే మెజిస్ట్రేట్ అత్యవసర ఉత్తర్వు గురించి ఆలోచిస్తారు.

రక్షణాధికారిని వెంటనే కలవడం కష్టం కావచ్చు. చాలా చోట్ల జిల్లా మొత్తానికి ఒక్కరే, అంగన్‌వాడీ గుడ్ల లెక్క దగ్గర్నుంచి బాల్యవివాహాల దాకా అన్నీ ఆ అధికారి నెత్తినే ఉంటాయి. 2025 మేలో సుప్రీంకోర్టు జిల్లా, తాలూకా స్థాయిల్లో రక్షణాధికారులను నియమించమని రాష్ట్రాలకి ఆరు వారాల గడువు ఇవ్వాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. కాబట్టి మేడం క్యాంపులో ఉన్నారంటే తిరిగి వచ్చెయ్యకుండా డీవీ సెల్ కౌన్సెలర్ ఎవరని అడగండి. ఆంధ్రాలో అయితే గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ఆమెకి చెప్పినా సమాచారం పైకి వెళ్తుంది. ఆ సమాచారం మీరే ఇవ్వొచ్చు, అక్కే రావాలని లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు పెట్టడానికి వీల్లేదని చట్టంలోనే ఉంది.

స్టేషన్ విషయానికి వద్దాం. మీ స్టేషన్‌వాళ్ళు చేసిన కౌన్సెలింగ్ గురించి కోపంగా ఉందని అర్థమైంది. భార్యాభర్తల ఫిర్యాదుల్లో ఎఫ్‌ఐఆర్ కట్టేముందు ప్రాథమిక విచారణ చెయ్యొచ్చని 2013లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం ప్రకారం ఇలాంటి నేరాల్లో డీఎస్పీ అనుమతితో, 14 రోజుల్లోపు అది ముగించాలి. కానీ నేను చూసినంతలో 'రెండు సిట్టింగులు చూద్దాం, మూడు సిట్టింగులు చూద్దాం' అని నెలలు గడుస్తాయి. కౌన్సెలింగ్ అంటే నాకు వ్యతిరేకత లేదు, పదకొండేళ్ళు చేసింది అదే. అయితే గృహహింస కేసులో మెజిస్ట్రేట్ ఆదేశిస్తే జరిగే కౌన్సెలింగ్‌కి రూల్స్ ఉన్నాయి. కొట్టినందుకు సమర్థన చెప్పుకోవడానికి అతనికి అవకాశం ఇవ్వకూడదన్నది వాటిలో ఒకటి. స్టేషన్ వరండాలో జరిగేది ఇందుకు తల్లకిందులుగా ఉంటుంది. 'నువ్వేం అన్నావమ్మా ఆయనకి కోపం రావడానికి' అనే ప్రశ్నతోనే మొదలవుతుంది. ఊళ్ళో పెద్దమనుషులు చెప్పేదాంట్లోనూ, అక్కడ చెప్పేదాంట్లోనూ నాకు పెద్ద తేడా కనపడలేదు, కుర్చీలు తప్ప.

పోయిన నెల ఇచ్చిన ఫిర్యాదుకి రసీదు గానీ జీడీ ఎంట్రీ (స్టేషన్ డైరీలో రాసిన) నంబరు గానీ ఉందా? రాజీ కాగితం మీద అక్క సంతకం పెట్టిందా? పెట్టి ఉంటే దాని నకలు తెచ్చుకోండి. భయపడాల్సింది లేదు, అది మీకే పనికొస్తుంది. 'ఇకమీదట కొట్టను' అని రాసిచ్చాడంటే అంతకుముందు కొట్టినట్టు అతనే ఒప్పుకున్నాడన్నమాట.

చాలామంది 498ఏ కేసునీ, అంటే భర్త, అత్తింటివాళ్ళ వేధింపుల మీద పెట్టే కేసునీ, గృహహింస కేసునీ ఒకటే అనుకుంటారు. పాత 498ఏ 2024 జులై 1 నుంచి, ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌లో 85వ సెక్షన్ అయింది. అది క్రిమినల్ కేసు, పోలీసులు దర్యాప్తు చేస్తారు, నేరం రుజువైతే మూడేళ్ళ దాకా శిక్ష. గృహహింస కేసు, కోర్టు భాషలో డీవీసీ, మెజిస్ట్రేట్ దగ్గరే నడుస్తుంది గానీ అక్కడ అడిగేవి వేరు: కొట్టొద్దని, దగ్గరికి రావొద్దని ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు, పిల్లల కస్టడీ, నష్టపరిహారం. రెండూ కలిపి నడపొచ్చు, ఒకటే ఎంచుకోమని ఎవరూ బలవంతం చెయ్యకూడదు. పైగా స్త్రీ ఫిర్యాదు చెయ్యడానికి వచ్చినప్పుడు రక్షణాధికారి ఎవరో, ఉచిత లాయరు ఎక్కడ దొరుకుతారో, 85 కింద ఫిర్యాదు హక్కు ఉందనీ పోలీసులే చెప్పాలన్నది గృహహింస చట్టం వాళ్ళ మీద పెట్టిన బాధ్యత. ఇప్పుడు అక్క మీ ఊళ్ళో ఉంది కాబట్టి రెండు కేసులూ మీ ఊరి పరిధిలోనే వేసుకోవచ్చు. అత్తగారి ఊరికి తిరగాల్సిన పని లేదు.

సఖి సెంటర్ గురించి. 2015 ఏప్రిల్ 1న కేంద్రం మొదలుపెట్టిన పథకం ఇది, డబ్బు నిర్భయ నిధి నుంచి వస్తుంది. చాలా చోట్ల జిల్లా ఆసుపత్రి ఆవరణలోనో దగ్గర్లోనో ఉంటుంది. వైద్యం, పోలీసు సాయం, లీగల్ సలహా, కౌన్సెలింగ్, కొన్ని రోజుల బస అన్నీ ఒకే కప్పు కింద ఉండాలన్నది ఆలోచన. 181కి ఫోన్ చేస్తే అక్కడికి కలుపుతారు. మీ అక్కకి తలదాచుకునే చోటు ఉంది కాబట్టి బస అవసరం లేకపోవచ్చు. కానీ మీ ఇంటికి అతను వచ్చి గొడవ చేసే పరిస్థితి వస్తే అదొక దారి. అక్కడ ఉండేది మామూలుగా ఐదు రోజులే, ఆ తర్వాత శక్తి సదన్ అనే ప్రభుత్వ ఆశ్రయ గృహానికి మార్చాలి. పెద్ద మగపిల్లలు ఉంటే వెంట ఉండనిస్తారో లేదో ముందే కనుక్కోండి, ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళాక తల్లినీ కొడుకునీ విడదీసే సమస్య రాకూడదు. నా అనుభవంలో సఖి సెంటర్ బాగా పనిచేసేది అక్కడి అడ్మినిస్ట్రేటర్‌కి స్టేషన్ ఎస్‌ఐ నంబరు ఫోన్‌లో ఉన్నప్పుడు. మిగతాచోట్ల అది ఇంకో రిజిస్టరు రాసే ఇంకో ఆఫీసు.

ఒక చిన్న పక్కదారి. బ్రిటన్‌లో కార్డిఫ్ నగరంలో 2003లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. ప్రాణాపాయం ఎక్కువగా ఉన్న కేసుల జాబితా పెట్టుకుని పోలీసులు, ఆసుపత్రి, ఇళ్ళ శాఖ, పిల్లల సంక్షేమం, స్త్రీల సంస్థలవాళ్ళు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒక్కో పేరు మీద 'నువ్వేం చేస్తావు, నువ్వేం చేస్తావు' అని పంచుకుంటారు. బాధితురాలి తరఫున మాట్లాడే మనిషి ఒకరు ఆ బల్ల దగ్గర ఉంటారు. తర్వాత ఆ దేశమంతా అదే పాటించారు. అమెరికాలో డులూత్ అనే ఊళ్ళో 1981లోనే పోలీసులు, కోర్టులు, స్త్రీల ఆశ్రయ గృహాలు కలిసి ఒక ఒప్పందం మీద పనిచెయ్యడం మొదలుపెట్టాయి. మన దగ్గర కలెక్టర్ గారి సమీక్షల్లో 'ఎన్ని కేసులు వచ్చాయి, ఎన్ని పరిష్కరించారు' అని అంకెలు అడుగుతారు గానీ ఒక ఇంటి గురించి అందరూ కలిసి మాట్లాడటం నేను రెండు మూడుసార్లకి మించి చూడలేదు. ఆ బల్ల లేదు కాబట్టే మీలాంటివాళ్ళే దానికి బదులుగా తిరగాల్సి వస్తోంది.

కోర్టులో ఏం జరుగుతుందంటే, పిటిషన్ వేసిన మూడు రోజుల్లో మొదటి వాయిదా, 60 రోజుల్లో తీర్పు అని చట్టంలో ఉంది. 60 రోజుల్లో తేలిన కేసు నాకు గుర్తులేదు. అందుకే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు మొదటిరోజే అడగాలి. అఫిడవిట్ చూసి అవతలివాళ్ళు రాకముందే ఇవ్వొచ్చు. నోటీసు అందించే బాధ్యత రక్షణాధికారిది, దానికి రెండు రోజులు గడువు. నిజానికి పట్టుకెళ్ళేది హోంగార్డు. ఒక కేసులో మూడు వాయిదాలు నోటీసు అందలేదని పోయాయి. 'అట్టి డోర్ నంబరు లేదు' అని తిరిగొచ్చేది. చూస్తే మున్సిపాలిటీ నంబర్లు మార్చింది, పెళ్ళి పత్రికలో ఉన్న పాత నంబరే పిటిషన్‌లోకి ఎక్కింది. ఆ అమ్మాయిని పిలిచి అడిగితే 'సాయంత్రం ఆరింటికి రైతుబజారు ఎదురు టీకొట్టు దగ్గరుంటాడండీ' అని ఠక్కున చెప్పింది. హోంగార్డుకి ఫోన్ చేశాం, ఆరున్నరకి సంతకం పెట్టించుకొచ్చాడు. ఎవరూ అడగకపోవడం వల్ల నాలుగు నెలలు పోయాయి. కాబట్టి పిటిషన్‌తో పాటు మీ బావ ఇల్లు, పనిచేసే చోటు, మామూలుగా ఏ టైముకి ఎక్కడ దొరుకుతాడో ఒక కాగితం మీద రాసి డీవీ సెల్‌లో ఇచ్చెయ్యండి.

అన్నిటికంటే ఎక్కువగా కేసులు జారిపోయేది ఉత్తర్వు వచ్చాక. అందరూ గెలిచామనుకుని స్వీట్లు పంచుకుంటారు. ఒకావిడ రక్షణ ఉత్తర్వుని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బీరువాలో దాచింది. నెలన్నర తర్వాత అతను వచ్చి తలుపు బాదితే స్టేషన్‌కి ఫోన్ చేసింది. అక్కడున్నతను 'మాకు అలాంటి ఆర్డరేదీ రాలేదమ్మా' అన్నాడు. నిజంగానే రాలేదు. ఉత్తర్వు ప్రతి ఉచితంగా స్టేషన్‌కి పంపాలని 24వ సెక్షన్‌లో ఉన్నా, కోర్టు తపాలులో ఎక్కడో ఆగింది. అప్పట్నుంచి మా సెల్‌లో ఒక అలవాటు చేసుకున్నాం. సర్టిఫైడ్ కాపీ రాగానే రక్షణాధికారి కవరింగ్ లెటర్‌తో స్టేషన్‌కి తీసుకెళ్ళి, రైటర్‌కి ఒకటిచ్చి, మన దగ్గరున్న రెండో ప్రతి మీద స్టాంపు, సంతకం, తేదీ వేయించుకోవడం. ఆ స్టాంపున్న కాగితం చేతిలో ఉంటే 'రాలేదు' అనే మాట ఉండదు. రక్షణ ఉత్తర్వు ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 20 వేల రూపాయల దాకా జరిమానా, అది నాన్‌బెయిలబుల్ నేరం. గృహహింస చట్టం మొత్తంలో పోలీసులు నేరుగా అరెస్టు చెయ్యగలిగేది ఇక్కడే, అందుకే ఆ కాగితం స్టేషన్‌లో ఉండి తీరాలి. పిల్లల కస్టడీ ఉత్తర్వు వస్తే దాని నకలు కూడా స్కూల్ హెడ్‌మాస్టర్‌కి ఇవ్వండి, గేటు దగ్గర పిల్లల్ని తీసుకెళ్ళిపోయే గొడవ అక్కడే ఆగుతుంది.

ఇక ఇల్లు. అత్తగారి పేరు మీద ఉంటే కోడలికి హక్కు లేదన్నది పాత మాట. 2006లో ఒక తీర్పు అలా ఉండేది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాపురం చేసిన ఉమ్మడి ఇల్లు అత్తమామల పేరు మీదున్నా అక్కడ ఉండే హక్కు అడగొచ్చు. అది ఇల్లు రాసిమ్మని అడగడం కాదు, గెంటకుండా ఉండటం వరకే. మరీ కష్టమైతే బదులుగా వేరే ఇల్లు, అద్దె అడగొచ్చు. ఈలోపు అత్తమామలు సీనియర్ సిటిజన్ల చట్టం కింద ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్‌లో పిటిషన్ పెట్టి కోడల్ని ఖాళీ చేయించమని అడగడం ఇప్పుడు మామూలైపోయింది. ఒక ఆఫీసు ఉండమంటే ఇంకో ఆఫీసు పొమ్మంటుంది! ఒక చట్టాన్ని చూపించి రెండోదాని రక్షణ తీసెయ్యడానికి వీల్లేదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్డీఓ ఆఫీసు నుంచి కాగితం వస్తే చదవకుండా పక్కన పడెయ్యకండి, డీవీసీ నంబరు రాసి జవాబివ్వండి.

లాయరు విషయంలో డబ్బు గురించి టెన్షన్ వద్దు. స్త్రీలకి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, 15100 నంబరు. ఉచిత లాయరంటే తక్కువరకమని అనుకోకండి. కొందరు అంతంతమాత్రమే, కొందరు బంగారం. ఏ లాయరైనా పిటిషన్ రాసేముందు డీఐఆర్ చదివారో లేదో చూసుకోండి. నేను చూసిన సగం పిటిషన్లలో డీఐఆర్‌లో ఉన్న ఏటీఎం కార్డూ బంగారమూ లేవు. పాత కేసులోది కాపీ కొట్టి పేర్లు మాత్రం మార్చారు.

ఆసుపత్రి పని అయ్యాక రేపు పొద్దున్నే ఐసీడీఎస్ ఆఫీసుకి వెళ్ళండి. ఆధార్, పెళ్ళి ఫోటో, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, ఎమ్మెల్సీ కాగితం, స్టేషన్ రసీదు తీసుకెళ్ళండి. అక్క వెంట మీరు వెళ్ళినా, ఫారం నింపేటప్పుడు కాసేపు బయట కూర్చోండి. తోబుట్టువు ముందు చెప్పుకోలేనివి కొన్ని ఉంటాయి. డీఐఆర్ మీద రాసిన నంబరు మీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత ఏ ఆఫీసులో అడిగినా దాంతోనే వెతుకుతారు. మొదటి వాయిదా ఏ కోర్టులో, ఏ తేదీన పడిందో చెప్పండి. ఆరోజు ఏం అడగాలో, ఏం తీసుకెళ్ళాలో విడిగా రాస్తాను.